కార్తీక మాసంలో చైనా: షియాన్, చెంగ్డూల్లో మా తిండి, మా తిరుగుడు

చైనా అనగానే అందరూ బీజింగ్, షాంఘై అంటారు. మేము ఆ రెండూ వదిలేసి షియాన్, చెంగ్డూ మాత్రమే చూసొచ్చాం. అమ్మానాన్నలకు అరవై దాటాయి, చేతిలో ఉన్నది కొద్ది రోజులు, రోజుకో ఊరు మారుతూ సూట్‌కేసులు సర్దుకోవడం వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. పైగా మాది గుంటూరు. నాన్నకి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు, ఇన్నేళ్ళూ టిక్కీల (మిర్చి బస్తాల) మధ్యే బతికిన మనిషి. మన తేజ రకం మిరపకాయని బాగా కొనే దేశాల్లో చైనా ఒకటి, ఆ కాయ అక్కడ ఎవరి వంటింట్లోకి పోతుందో కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక, అందుకే చెంగ్డూ. షియాన్ నా కోరిక. అమ్మకి ఏ ఊరైనా ఒకటే కానీ, ట్రిప్ నవంబరులో పడింది, అంటే కార్తీక మాసం, ఆవిడ నెలంతా నీచు ముట్టదు. నాన్న సోమవారాలు మాత్రం మానేస్తారు. మామూలు రోజుల్లో కూడా ఇంట్లో గొడ్డు మాంసం, పంది మాంసం ఎవరూ తినరు.

ఇవన్నీ విన్న మా చుట్టాలు, అయితే అక్కడ ఏం తింటారు, పచ్చళ్ళూ పొడులూ మూటకట్టుకుని వెళ్ళండి అన్నారు. పట్టుకెళ్ళాం, కాదనను. కానీ తిరిగొచ్చేటప్పుడు సగం పైన అలాగే ఉన్నాయి. మన నోటికి సరిపడే తిండి ఈ రెండు ఊళ్ళలో ఉన్నంతగా నేను తిరిగిన వేరే దేశాల్లో దొరకలేదు, శాకాహారులకి కూడా. కాకపోతే దేంట్లో ఏం వేస్తారో తెలుసుకుని వెళ్ళాలి, ఆర్డర్ ఇచ్చే ముందు అడగాలి. అందుకే ఇదంతా కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను, మనది ఇండియన్ పాస్‌పోర్టే కాబట్టి ముగ్గురికీ వీసా కావాలి. నాది ఇక్కడి నుంచి, వాళ్ళది ఇండియా నుంచి ఏజెంటు ద్వారా పెట్టించాం. టికెట్లు, హోటల్ బుకింగులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మామూలే. వాళ్ళు ముందు సింగపూర్ వచ్చి నా దగ్గర నాలుగు రోజులు ఊపిరి తీసుకున్నాక ముగ్గురం కలిసి విమానం ఎక్కాం. తేదీలు చూసుకునేవాళ్ళు అక్టోబరు 1 తో మొదలయ్యే వారం మాత్రం తప్పించండి, అది వాళ్ళ జాతీయ సెలవుల వారం, దేశమంతా రోడ్ల మీదే ఉంటుంది. నవంబరు మాకు బాగా కుదిరింది. షియాన్‌లో స్వెటర్ వేసుకునే చలి, చెంగ్డూలో మబ్బు, ఎండ పొడ తక్కువ, రెండు చోట్లా గింకో చెట్ల ఆకులు నిండు పసుపులోకి తిరిగి ఉన్నాయి.

డబ్బు సంగతి ముందే చూసుకోవాలి. అక్కడ అంతా ఫోనుతోనే, చిలగడదుంపలు కాల్చి అమ్మే బండి మీద కూడా క్యూఆర్ కోడే. అలీపే యాప్‌లో మన వీసా లేదా మాస్టర్ కార్డు కలుపుకోవచ్చు, 200 యువాన్ల లోపు చెల్లింపుకి అదనపు ఛార్జీ ఉండదు, దాటితే 3 శాతం పడుతుంది. (యువాన్ అంటే సుమారు 12 రూపాయలు వేసుకోండి.) ఈ యాప్ 2020లో ఇండియాలో నిషేధించిన జాబితాలో ఉంది కాబట్టి నేరుగా ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళు ఈ ఏర్పాటు ఎక్కడ, ఎలా చేసుకోవాలో ముందే ఆలోచించుకోవాలి, కొంత నగదు కూడా ఉంచుకోవాలి. నగదు తీసుకుంటారు, చిల్లర మాత్రం కష్టం. గూగుల్, వాట్సాప్ అక్కడి సిమ్‌తో తెరుచుకోవు, బయటి దేశం సిమ్ రోమింగ్‌లో ఉంటే పనిచేస్తాయి, మాకు అలాగే పనిచేశాయి. ట్యాక్సీ పిలిచే దీదీ యాప్ అలీపేలోనే ఉంటుంది. ఇక దేనికైనా పాస్‌పోర్టు కావాలి. రైలుకి, మ్యూజియానికి, పాండాలకి, అన్నిటికీ టికెట్ పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు. హోటల్లో వదిలేసి తిరగడం కుదరదు.

తిండికి సంబంధించి నేను చేసిన అతి ముఖ్యమైన ఏర్పాటు ఒక చీటీ. చైనీస్ తెలిసిన ఆఫీసు స్నేహితురాలి చేత రెండు రకాలుగా రాయించాను. అమ్మది: మాంసం, చేప, రొయ్యలు, గుడ్డు, మాంసం నీళ్ళు, జంతువుల కొవ్వు, ఆయిస్టర్ (ఆల్చిప్పల) సాస్ వద్దు; పాలు, పప్పులు, వెల్లుల్లి, మిరపకాయ పరవాలేదు. నాన్నది, నాది: గొడ్డు మాంసం, పంది మాంసం, వాటి కొవ్వు వద్దు, మేక, గొర్రె, కోడి, చేప పరవాలేదు. ఊరికే శాకాహారం అంటే చాలదు. కూరలో ముక్కలు వేయరు, కానీ రుచి కోసమని పైన నాలుగు పలుకులు పంది కీమా చల్లుతారు, అది వాళ్ళ లెక్కలో కూరగాయల వంటకమే. ఆ "మాంసం నీళ్ళు, కొవ్వు" అన్న ముక్క రాయించడం వల్లే అమ్మ నిశ్చింతగా తిన్నది. చీటీ చదివి, మేము పెట్టలేం అని చెప్పి పంపించిన హోటళ్ళు కూడా ఉన్నాయి, వాళ్ళంటే నాకు గౌరవమే కలిగింది.

షియాన్‌లో మేము దిగింది పాత ఊరి మధ్యలో, బెల్ టవర్ దగ్గర. అక్కడి నుంచి డ్రమ్ టవర్ దాటితే వెనకాల హుయ్ ముస్లింల వీధులు. వందల ఏళ్ళుగా అక్కడే ఉన్న సమాజం కాబట్టి ఆ వీధుల్లో పంది మాంసం అనేది ఉండదు, మాలాంటి వాళ్ళకి సగం టెన్షన్ అక్కడే పోతుంది. గొడ్డు మాంసం మాత్రం బాగా వాడతారు, అది అడగాలి. పెద్ద వీధి టూరిస్టులతో కిటకిటలాడుతుంది, పక్క సందుల్లోకి వెళ్తే ఊరివాళ్ళు తినే కొట్లు ఉంటాయి, ధర తక్కువ, కూర్చోడానికి జాగా ఉంటుంది.

నాన్నకి నేను ముందు తినిపించింది యాంగ్‌రౌ పావ్‌మో. ఇది తినడం కంటే తయారు చేసుకోవడం ఎక్కువ సేపు. కూర్చోగానే ఖాళీ గిన్నె, గట్టిగా కాల్చిన రెండు రొట్టెలు ముందు పెడతారు. ఆ రొట్టెని మనమే వేళ్ళతో తుంచాలి, పెద్ద ముక్కలు కాదు, శనగగింజంత. పెద్దగా తుంచితే లోపల పిండి పిండిగా ఉండిపోతుంది, పులుసు పట్టదు. నేను తొందరపడుతుంటే పక్క బల్ల దగ్గరి పెద్దాయన నా గిన్నెలోకి చూసి తల అడ్డంగా ఊపి, తన ముక్క ఒకటి వేలి మీద పెట్టి చూపించాడు. నాన్న మాత్రం వేళ్ళు అలవాటుపడ్డ మనిషి, ఒకే కొలతలో తుంచుకుంటూ పోయారు. అరగంట పట్టింది. తర్వాత గిన్నెకి నంబరు బిళ్ళ పెట్టి లోపలికి తీసుకెళ్ళి, మటన్ పులుసులో ఉడికించి, సన్నటి సేమియా, మాంసం ముక్కలు వేసి తెచ్చారు. పక్కన తియ్యగా ఊరబెట్టిన వెల్లుల్లి, ఎర్రటి కారం ముద్ద. కలపకూడదట, అంచు నుంచి కొంచెం కొంచెంగా తింటూ లోపలికి రావాలి, అలా తింటే చివరిదాకా వేడి చల్లారదు. పులుసులో ఘాటు లేదు, మాంసం వెన్నలా విడిపోతోంది, ఆ వెల్లుల్లి కొరికినప్పుడల్లా నోరు కడిగినట్టయి మళ్ళీ ఆకలేస్తుంది. నాన్న రెండో రోజు కూడా అక్కడికే పోదామన్నారు. గోధుమ రొట్టె, గొర్రె పులుసు, వెల్లుల్లి, కారం. ఇందులో మనకి కొత్తది ఏముంది చెప్పండి.

అమ్మకి షియాన్‌లో దిక్కు లియాంగ్‌పీ. గోధుమ పిండిని నీళ్ళలో పిసికి, దిగిన గంజిపిండిని పల్చగా పళ్ళెంలో ఆవిరికి పెట్టి, ఆ పొరని వెడల్పుగా కోసి, దోసకాయ తరుగు, మొలకలు, వెనిగర్, వెల్లుల్లి నీళ్ళు, మిరప నూనె వేసి కలిపిస్తారు. చల్లగానే తింటారు. అందులో మాంసం జోలి ఉండదు, ఒక ప్లేటు పది, పదిహేను యువాన్లు. మొదటి రోజు అనుమానంగా ఒక పోగు నోట్లో పెట్టుకుని, రెండో రోజు నుంచి ఆవిడే ముందు నడిచింది. ఆ మిరప నూనె ఎర్రగా భయపెడుతుంది కానీ కారం తక్కువ. షాన్షీ ప్రాంతపు మిరప పొడుగ్గా, సన్నగా, మంచి రంగుతో ఉంటుంది. నాన్న నూనె అడుగున దిగిన పొడి చెంచాతో తీసి నాలిక మీద పెట్టుకుని, "రంగుకి వేసిందమ్మా ఇది, ఘాటుకి కాదు, మన బాడిగ రకం దారిలో కాయ" అన్నారు.

బియాంగ్ బియాంగ్ నూడుల్స్ కూడా ఇక్కడివే. ఒక్కో నూడుల్ నవారు పట్టెడంత వెడల్పు, మూరెడు పొడవు, పిండిముద్దని రెండు చేతులతో సాగదీస్తూ బల్ల మీద దబదబా కొడుతూ చేస్తారు. వాటిలో నూనె పోసే రకం అడగండి: ఉడికించిన నూడుల్స్ మీద కారప్పొడి, తరిగిన వెల్లుల్లి, ఉల్లికాడలు పెట్టి, పొగలొచ్చేలా కాగిన నూనె మన కళ్ళముందే పోస్తారు. చుయ్‌మని శబ్దం, ఆ వెంటనే వెల్లుల్లి మాడే వాసన. మాంసం వేయకుండా చేస్తారు కాబట్టి అమ్మా తిన్నది. ముగ్గురికి రెండు గిన్నెలు చాలు.

సాయంత్రాలు తీపికి, పర్సిమన్ పళ్ళ గుజ్జు పిండిలో కలిపి, లోపల నువ్వులు, అక్రోట్లు, పంచదార పెట్టి నూనెలో వేయించే బిళ్ళలు. లింటాంగ్ ప్రాంతపు పళ్ళు శరదృతువులోనే వస్తాయి కాబట్టి మేము వెళ్ళింది సరైన కాలం. వేడిగా తినాలి, చల్లారితే సాగుతాయి. దానిమ్మ రసం కూడా ఊరంతా అమ్ముతారు.

తిండి మధ్యలోనే చూడాల్సినవీ చూశాం. హుయ్ వీధుల లోపల పెద్ద మసీదు ఉంది, 742లో మొదలైందని అక్కడి శాసనం, ఇప్పుడున్న కట్టడాలు ఎక్కువ భాగం మింగ్ రాజుల కాలానివి. గుమ్మటాలు, మనం చూసే తరహా మినార్లు లేవు, అంతా చైనా పద్ధతి చెక్క మండపాలు, ఒకదాని వెనక ఒకటి ప్రాంగణాలు. బయట బజారు గోల అంతా గేటు దగ్గరే ఆగిపోతుంది. ప్రార్థన హాలులోకి మనల్ని వెళ్ళనివ్వరు, తోటలో ఎంతసేపైనా కూర్చోవచ్చు. అమ్మ కాళ్ళకి ఆ గంట విశ్రాంతి మంచి పని చేసింది.

కోటగోడ ఎక్కడం అస్సలు వదలొద్దు. ఊరి చుట్టూ దాదాపు 14 కిలోమీటర్లు చెక్కు చెదరకుండా ఉంది, పైన రెండు కార్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. దక్షిణ ద్వారం దగ్గర సైకిళ్ళు అద్దెకిస్తారు. నేనూ నాన్నా ఇద్దరు తొక్కే సైకిల్ తీసుకున్నాం, అమ్మ బ్యాటరీ బండి ఎక్కింది. రాళ్ళు ఎగుడుదిగుడు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు బండే ఎక్కండి. పొద్దుగూకే వేళకి ఎక్కితే దీపాలు వెలిగే దాకా ఉండొచ్చు.

మట్టి సైనికుల మ్యూజియం ఊరికి తూర్పున నలభై కిలోమీటర్ల దూరం. మెట్రో 9వ లైన్ ఎక్కి హువాచింగ్ పూల్ స్టేషన్‌లో దిగి బస్సు, లేదా దీదీ. టికెట్ 120 యువాన్లు, పాస్‌పోర్టు నంబరుతో ముందే తీసుకోవాలి. 1974లో బావి తవ్వుతున్న రైతులకి బయటపడ్డ సైన్యం ఇది, క్రీస్తుపూర్వం 210లో చనిపోయిన మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధికి కాపలా. ఒకటో గుంట దగ్గర జనం మీద జనం, అందరూ ఎదురుగా ఉన్న కటకటాల దగ్గరే తోసుకుంటారు. పక్కలకి నడుచుకుంటూ వెనక్కి వెళ్ళండి, అక్కడ పగిలిన బొమ్మల్ని అతికిస్తున్న చోటు కనిపిస్తుంది, రద్దీ తక్కువ. రెండో గుంట దగ్గర అద్దాల పెట్టెల్లో విడిగా పెట్టిన కొన్ని బొమ్మలున్నాయి. వాటిలో మోకాలు వంచి కూర్చున్న విలుకాడిని వెనకనుంచి చూడాలి. చెప్పు అడుగున కుట్లు కూడా చెక్కారు, వేళ్ళ దగ్గర, మడమ దగ్గర దగ్గరదగ్గరగా, మధ్యలో పలుచగా. రెండు వేల రెండు వందల ఏళ్ళ కింద, మట్టిలో పూడ్చిపెట్టబోయే బొమ్మ అరికాలికి ఎవరో కూర్చుని అన్ని చుక్కలు పెట్టారు. నేను అక్కడి నుంచి కదలడానికి చాలా సేపు పట్టింది. వీటికి ఒకప్పుడు రంగులుండేవి, తవ్వి గాలి తగలగానే పెచ్చులూడిపోయాయి. అసలు సమాధిని ఇంకా తవ్వకపోవడానికి ఇలాంటి భయాలూ కారణమే.

షియాన్‌లో నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది మాత్రం జెయింట్ వైల్డ్ గూస్ పగోడా అనే బౌద్ధ గోపురం. మనం చిన్నప్పుడు పుస్తకాల్లో హుయాన్‌త్సాంగ్ అని చదువుకున్నామే, ఆయన భారతదేశం నుంచి 645లో తిరిగొచ్చి, తెచ్చిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టించింది అదే. ఆ రోజుల్లో ఈ ఊరి పేరు చాంగాన్. ఆయన మన ధాన్యకటకానికి, అంటే అమరావతికి వచ్చాడు, అక్కడ కొన్నాళ్ళుండి చదువుకున్నాడు, చాలా ఆరామాలు అప్పటికే పాడుబడి ఉన్నాయని రాశాడు. గుంటూరు నుంచి అమరావతి ఎంత, బస్సెక్కితే గంట. పగోడా ముందు ఆయన కంచు విగ్రహం ఉంది. ఆ విగ్రహం ముందు నాన్న ఎప్పుడూ లేనిది తనంతట తాను ఫొటో తీయమని అడిగారు. తెలుగువాళ్ళు షియాన్ వెళ్తే ఈ చోటు మొక్కుబడిగా చూసి పోకండి, మన ఊరు పేరు మోసుకొచ్చిన మనిషి చోటు అది.

షియాన్ నుంచి చెంగ్డూకి హైస్పీడ్ రైలు. టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు, పాస్‌పోర్టే టికెట్, మెషీన్ గేట్లు మొరాయిస్తే పక్కనే మనిషి ఉండే లైనులోకి వెళ్ళాలి. నాలుగు గంటలు అటూ ఇటూగా ప్రయాణం. స్టేషన్‌లో, రైల్లో మరిగిన నీళ్ళ కుళాయిలుంటాయి, అమ్మ తెచ్చుకున్న ఇన్‌స్టంట్ ఉప్మా డబ్బా అక్కడే పని పూర్తి చేసింది. మధ్యలో చిన్‌లింగ్ కొండలు, ఒక సొరంగం లోంచి ఇంకో సొరంగంలోకి పోతూనే ఉంటాం. ఈ కొండలే చైనాకి గోధుమ సరిహద్దు. ఉత్తరాన రొట్టె, నూడుల్స్, దక్షిణాన వరి. సొరంగాలు దాటి చెంగ్డూ మైదానంలోకి దిగేసరికి గాలిలో తేమ, పొలాల్లో పచ్చదనం మారిపోయాయి. ఆ రాత్రి బల్ల మీదకి తెల్లన్నం గిన్నె వచ్చినప్పుడు అమ్మ ముఖం చూడాలి.

చెంగ్డూ తిండి గురించి చెప్పాలంటే ముందు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, హువాజియావ్ అనే మిరియంలాంటి గింజ. అది కారం కాదు, నోట్లో పడ్డ కాసేపటికి పెదాలు, నాలిక తిమ్మిరెక్కుతాయి, మంచినీళ్ళు కూడా పుల్లగా, వింతగా అనిపిస్తాయి. తెలియనివాళ్ళు కంగారు పడతారు, పదినిమిషాల్లో పోతుంది. రెండోది, కొవ్వు. హాట్‌పాట్ అంటే బల్ల మీదే మరిగే పులుసులో ముక్కలు ముంచి ఉడికించుకుని తినడం, ఇక్కడ దాని ఎర్ర పులుసు చాలా చోట్ల గొడ్డు కొవ్వుతో చేస్తారు. కూరగాయలు మాత్రమే ముంచుకుని తింటాం అనుకుంటే చాలదు. మొక్కల నూనెతో చేసే రకాన్ని చింగ్‌యౌ అంటారు, అదే అడగాలి. మాపో టోఫు అనే సోయా పనీర్ కూరలో కూడా సాధారణంగా గొడ్డు కీమా ఉంటుంది, లేకుండా చేయమంటే చాలా చోట్ల చేస్తారు. వంకాయ కూర ఒకటి, తీపి, పులుపు, కారం కలిసి అద్భుతంగా ఉంటుంది, పేరులో చేప ఉంటుంది కానీ వంటలో చేప ఉండదు, పంది కీమా మాత్రం ఉండొచ్చు. వేపిన బీన్స్ కూడా అంతే. చీటీ చూపించి అడిగితే ఈ రెండూ అమ్మకి మాంసం లేకుండా చేసిచ్చారు, ఆలుగడ్డ సన్న తరుగు ఎండుమిర్చి, వెనిగర్‌తో వేపింది ఇంకోటి, ఈ మూడూ అన్నంలోకి ఉంటే ఆవిడకి పచ్చడి గుర్తుకు రాలేదు.

కార్తీక సోమవారం నాడు ముగ్గురం వెన్‌షు ఆరామానికి వెళ్ళాం. ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద బౌద్ధాలయం. చైనా బౌద్ధుల శాకాహారంలో మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, కార్తీక నియమాలు గట్టిగా పాటించేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి. ఆవరణలోనే భోజనశాల ఉంది. పుట్టగొడుగులు, తామర దుంప, టోఫు రకరకాలుగా. కొన్ని వంటకాలు చేప ఆకారంలో, బాతు ముక్కల ఆకారంలో చేస్తారు, లోపల అంతా టోఫు, దుంపలే. చేప ఆకారంలో వచ్చిన పళ్ళేన్ని అమ్మ పక్కకి జరిపి, "ఏమండీ, మీరు తినండి, నాకు చూస్తుంటేనే మనసొప్పట్లేదు" అంది. తామర దుంప మాత్రం రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. మధ్యాహ్నం ఆలస్యం చేయకుండా వెళ్ళండి. బయట ప్రాంగణంలో జనం అగరొత్తులు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, అమ్మ కూడా ఆ రోజు దీపం అక్కడే పెట్టింది.

ఇక నాన్న ఎదురుచూసిన చోటు. దీనికి టూరిస్టు పేరేమీ లేదు, మా హోటల్ వెనక వీధిలోని కూరగాయల మార్కెట్. ఒక మూల ఎండుమిర్చి కొట్టు, గోతాలు మూతులు తెరిచి వరసగా నిలబెట్టి ఉన్నాయి. పొడుగ్గా వంకర తిరిగిన అర్‌జింగ్‌టియావ్, బుల్లెట్‌లా పొట్టిగా ఉండే రకం, గుండ్రంగా బుర్రల్లాంటి రకం. నాన్న నడక మారిపోయింది. ఒక్కో గోతాంలోంచి గుప్పెడు తీయడం, పైకెత్తి చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు వినడం, ఒక కాయ విరిచి తేమ చూడడం, తొడిమ గిల్లి చూడడం, వాసన, ఆ తర్వాత తాలు కాయ ఏరి పక్కన పెట్టడం. కొట్టామె మొదట కనుబొమలు ముడిచింది, రెండో గోతాం దగ్గరికి వచ్చేసరికి ఆమెకి అర్థమైపోయింది ఇతనూ ఈ వ్యాపారం మనిషేనని. ఫోనులో అనువాదం యాప్ తెరిచి ఎక్కడి నుంచి అని అడిగింది. ఇండియా అన్నాం. ఆమె లోపలికి వెళ్ళి ఒక గోతాం చూపించింది, దాని మీది అట్టముక్క మీద చైనా అక్షరాల మధ్య ఎస్17 అని ఇంగ్లీషులో రాసుంది. తేజకి ఎగుమతి వ్యాపారంలో ఉండే పేరు అది. నాన్న కాయ తీసి విరవకుండానే, "మనదేనమ్మా" అన్నారు. తర్వాత అరగంట ఆ ఇద్దరూ ఫోను మధ్యలో పెట్టుకుని మాట్లాడుకున్నారు. ఆమె చెప్పిందాని ప్రకారం, వాళ్ళ కాయ వాసనకి, రంగుకి. మన కాయ ఘాటుకి. హాట్‌పాట్ ముద్ద చేసేవాళ్ళు రెండూ కలుపుతారు. ఘాటంతా మన కాయదే పెడితే వాళ్ళు తినలేరట. మిరపకాయ ఆ దేశానికైనా మన దేశానికైనా అమెరికా ఖండం నుంచి ఓడల మీద వచ్చిందే, నాలుగైదు వందల ఏళ్ళ లోపు సంగతి. అయినా ఆ కొట్టు ముందు వాళ్ళిద్దరూ తరతరాల చుట్టాల్లా మాట్లాడుకున్నారు. డబ్బు తీసుకోకుండా ఆమె కొంచెం హువాజియావ్ పొట్లం కట్టిచ్చింది. ట్రిప్ మొత్తంలో నాన్నకి ఏది బాగా నచ్చింది అని ఎవరడిగినా ఈ మార్కెట్ సంగతే చెబుతారు.

హాట్‌పాట్‌కి ఆ రాత్రే వెళ్ళాం. మధ్యలో గోడ ఉన్న గిన్నె, ఒక పక్క ఎర్రది, ఇంకో పక్క పుట్టగొడుగుల తెల్ల పులుసు. అమ్మ గిన్నె వేరుగా కావాలని, ఒక్కొక్కరికి చిన్న గిన్నె ఇచ్చే చోటు వెతుక్కుని వెళ్ళాం, ఇది బాగా పనికొచ్చింది, ఎవరి పులుసు వాళ్ళది. ఎర్రటి నూనెలో తేలే మిరపకాయలు తినకూడదు, అవి వాసనకే. ఉడికిన ముక్కని చిన్న గిన్నెలోని నువ్వుల నూనె, వెల్లుల్లిలో ముంచి తింటారు, మంట తగ్గుతుంది, రుచి వస్తుంది. ఆయిస్టర్ సాస్ సీసా అక్కడే ఉంటుంది, శాకాహారులు అది వేసుకోకూడదు. కారం తక్కువ రకమే తీసుకున్నాం. నాన్న చెమటలు తుడుచుకుంటూ, ఘాటు మనకంటే తక్కువే, ఈ తిమ్మిరి వల్ల ఎక్కువ అనిపిస్తోంది అన్నారు. ఇంకో రోజు చిన్న కోడి ముక్కలు ఎండుమిర్చి గుట్టలో వేపి తెచ్చే వంటకం తెప్పించాం. చికెన్ కోసం మిరపకాయల్ని తవ్వుకోవాలి. తినకుండా పారేసే ఆ కాయలు చూసి ఆయనకి ప్రాణం ఉసూరుమంది.

పాండాల దగ్గరికి తెల్లవారే బయల్దేరాలి. తలుపులు తీసిన మొదటి గంటలోనే అవి వెదురు నములుతూ హుషారుగా ఉంటాయి, పది దాటాక పడుకుంటాయి. టికెట్ 55 యువాన్లు, ముందే బుక్ చేసుకోవాలి. చోటు చాలా పెద్దది, లోపల బ్యాటరీ బండ్లున్నాయి. చలికాలం కాబట్టి అన్నీ ఆరుబయటే ఉన్నాయి, వేసవిలో అయితే ఏసీ గదుల్లో అద్దం వెనక చూడాల్సి వస్తుంది.

పీపుల్స్ పార్కులో ఒక మధ్యాహ్నం అంతా గడిపాం. వెదురు కుర్చీలు, మూత ఉన్న కప్పులో టీ ఆకు, వేడినీళ్ళు ఎన్నిసార్లైనా పోస్తారు, ఎవరూ లెమ్మనరు. చెవులు శుభ్రం చేసేవాళ్ళు ఇనప పట్టకారు టింగుమని మోగించుకుంటూ తిరుగుతుంటారు, మేము చేయించుకోలేదు. అదే పార్కులో ఒక దారి పొడవునా పెళ్ళి సంబంధాల కాగితాలు వేలాడదీసి ఉంటాయి, వయసు, ఎత్తు, చదువు, జీతం, సొంత ఇల్లు ఉందా లేదా. రాసిపెట్టేది తల్లిదండ్రులే. నేను యాప్‌తో చదివి చెబుతుంటే అమ్మ ఒక్కో కాగితం దగ్గరా ఆగి, అక్కడ నిలబడ్డ ఒక తల్లితో సైగలతో మాట్లాడి, మా అన్నయ్య పిల్లల ఫొటోలు కూడా చూపించింది.

లెషాన్ బుద్ధుడిని చూడడానికి రైల్లో గంట ప్రయాణం. కొండని తొలిచి చేసిన 71 మీటర్ల కూర్చున్న విగ్రహం, 713లో మొదలుపెట్టి 803లో పూర్తి చేశారు. పక్కన దిగే మెట్లు నిటారుగా ఉంటాయి, క్యూ గంటల తరబడి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో అయితే పడవ ఎక్కండి, మూడు నదులు కలిసే చోట పడవ కాసేపు ఆగుతుంది, నిండుగా కనిపిస్తాడు. సాయంత్రానికి చెంగ్డూ తిరిగి రావచ్చు.

ముఖాలు మార్చే ఒపేరా, జిన్‌లీ వీధి కూడా చూశాం, బాగున్నాయి, తొందరలో ఉంటే వదిలేయొచ్చు.

చిన్న చిన్నవి: పబ్లిక్ టాయిలెట్లు ఎక్కడికక్కడ ఉన్నాయి, ఉచితం, ఎక్కువ మన పద్ధతివే, కానీ నీళ్ళుండవు, టిష్యూలు, ఒక సీసా వెంట ఉంచుకోవాలి. హోటల్ టిఫిన్‌లో బియ్యం గంజి, ఉడికించిన వేరుశనగలు, ఊరగాయలు తప్పకుండా ఉంటాయి, అమ్మ ఆవకాయ పనికొచ్చింది అక్కడే. చల్లటి నీళ్ళు అడిగినా వేడినీళ్ళే తెస్తారు. చెంగ్డూకి రెండు ఎయిర్‌పోర్టులున్నాయి, ఊరికి దగ్గరగా ఉన్నది షువాంగ్‌లియు, 2021లో తెరిచిన తియాన్‌ఫు యాభై కిలోమీటర్ల దూరం, విదేశీ విమానాలు ఎక్కువగా దాని నుంచే. టికెట్ మీద ఏది రాసుందో రాత్రే చూసుకుని పడుకోండి, తియాన్‌ఫుకి మెట్రో 18వ లైన్ నేరుగా వెళ్తుంది, లగేజీతో కూడా ఇబ్బంది లేదు.